అక్క వంటకు వచ్చిన రోజు

తొండుపల్లి దాటాక సర్వీస్ రోడ్డు పక్కన ఒక రేకుల ఫంక్షన్ హాలు ఉండేది. ఇప్పుడక్కడ పాత కార్లు అమ్ముతున్నారు. డ్యూటీకి పోతూ షేర్ ఆటోలోంచి రోజూ చూస్తాను. అప్పటి వేదిక మీద ఇప్పుడొక తెల్ల కారు నిలబెట్టి ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాలనిపిస్తుంది, అదిగో అక్కడ మేమంతా ఒక రోజు కూర్చుని పాట కట్టామని, నాటకం ఆడామని. చెప్పను. ఎవరు మీరంతా అని అడిగితే మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే, అంత ఇరుకు ఆటోలోనూ జనం ఎలాగో కాస్త దూరం జరుగుతారు.

ముందు మా సంగతి. నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే విభాగం చూసుకుంటాను. మా ఆమె కాటేదాన్‌లో బిస్కట్లు ప్యాక్ చేసే చోట పనిచేస్తుంది. ‘మా ఆమె’ అంటే మా ఆమే. ఇక్కడి మగవాళ్లు భార్యను ఆ మాటతోనే చెప్పుకుంటారు, నేనూ అలాగే చెప్పుకుంటాను, అక్క ఎదుట తప్ప. ఆమెది కోస్తా. ఇన్నేళ్లుగా శంషాబాద్ నీళ్లు తాగినా భాష మారలేదు, పాలు పోసే పిల్లాడిని కూడా ‘ఏమండీ’ అంటుంది. ఇద్దరం ఒకే కిరాయి ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుని బతుకుతున్నాం. అక్క లెక్కలో మాత్రం ఆమె నా దోస్తు, అదీ అక్క మనసు బాగున్న రోజున.

అక్కంటే నాకు అమ్మ తర్వాత అమ్మ. మా అమ్మ పోయినప్పుడు నాకింకా జడ వేసుకోవడం రాదు, ఆ జడ వేసింది అక్కే. ఆమె మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఏ కూడిక జరిగినా వంట ఆమెదే, ప్రార్థనా ఆమెదే. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి పరీక్ష ఉన్నా, ఎవరింట్లో బర్రె ఈనలేక అవస్థ పడుతున్నా, పోయి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టేస్తుంది. చెయ్యి పెట్టవచ్చా అని అడగదు. ఇంటికొచ్చిన వాళ్లకు మంచినీళ్లిచ్చే ముందు ఎవరూ అనుమతి తీసుకోరు కదా, ఆమెకు అదీ అలాంటిదే.

ఆ ఏడు అక్క కూతురికి పెళ్లి కుదిరింది. నేను చంకనేసుకుని తిరిగిన పిల్ల. అక్క పెండ్లి పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఆమె వంటింట్లో టీ పెడుతోంది. అక్క గొంతు తగ్గించింది. “నువ్వొక్కదానివే రా. అవతలోళ్లు సంఘపెద్దలు. ఆమె ఎవరని అడిగితె నేనేం చెప్పాలె?” అంది. మా ఇంట్లో గోడలు ఎంత మందమో అక్కకు తెలియదనుకోను. మా ఆమె టీ తెచ్చి ఇచ్చింది, అక్క తాగి బాగుందని చెప్పి వెళ్లింది.

నాకసలే ముక్కు మీద కోపం. ఆమె రాకుంటే నేనూ రానని ఫోన్లో చెప్పేశాను. చెప్పినప్పుడు బాగానే ఉంది, తర్వాత నిద్ర పట్టలేదు. ఆ పిల్ల పెళ్లికి నేను లేకపోవడం ఊహకు అందలేదు. నేను పట్టుచీర కట్టుకుని బయల్దేరితే మా ఆమె తలుపు దగ్గర నిలబడి కుచ్చిళ్లు సర్ది, జాగ్రత్తగా వెళ్లిరమ్మని చెప్పి, లోపలికి పోయి ఒక్కతే అన్నం తినడం అసలే అందలేదు. అక్కా నేనూ మాట్లాడుకోవడం మానేశాం. పెళ్లి దగ్గర పడుతోంది.

ఆ రోజుల్లోనే మా వాళ్లంతా ఒక రోజు కలవాలనుకున్నాం. మా వాళ్లంటే మాలాంటి వాళ్లు: ఆడవాళ్లతో బతికే ఆడవాళ్లు, మగవాళ్లతో బతికే మగవాళ్లు, పుట్టినప్పుడు రాసిన లెక్క తమది కాదని తెలిసినవాళ్లు, ఇంకా తేల్చుకోనివాళ్లు. కుర్రవాళ్లు ‘క్వీర్’ అనేవారు. నాకు ఆ మాట కొత్త చెప్పులా కొన్నాళ్లు కరిచింది, తర్వాత అలవాటైంది. పొద్దున ఒకరి మాట ఒకరు వినడం, ఆ తర్వాత పాట కట్టడం, అన్నాలయ్యాక నాటకం. మూఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఫంక్షన్ హాలు సులువుగా దొరికింది. అన్నీ నడిపింది ఒక ట్రాన్స్ మహిళ. వీధి నాటకాల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. వయసులో నాకంటే చిన్నదే అయినా అందరూ అమ్మా అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

అంతా బాగుందనుకుంటే, వంట ఒప్పుకున్నాయన ముందు రోజు పొద్దుట్నుంచీ ఫోన్ తీయలేదు. నేను అతన్ని, అతని గరిటెల్ని తిట్టుకుంటూ కూర్చుంటే మా ఆమె నెమ్మదిగా, మీ అక్కని అడుగు, అంది. నాకు ఒళ్లు మండింది. అన్నం దగ్గర ఆవిడ కాదనదు, అడిగి చూడు, అంది మళ్లీ. అడిగాను. ఏం మీటింగని అక్క అడిగితే దాచకుండా చెప్పాను. తర్వాత ఎంతమందని అడిగింది. చివరికి, “వండి పోత. లోపటికి మాత్రం రాను” అంది.

తెల్లారేసరికి ఆటోలో చర్చి వంటలకు వాడే పెద్ద పెద్ద గంజులు, గరిటెలతో దిగింది. హాలు వెనక రాళ్లు పేర్చి, కట్టెలు ముట్టించి, కొంగు నడుముకు దోపి బగారా అన్నానికి ఉల్లిగడ్డలు కోయించడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కిపోయి నమస్కారం పెట్టొచ్చారు. అక్క ఎవరినీ తేరిపార చూడలేదు. కాకపోతే ఒక పొడుగాటి పిల్లాడు కళ్లకు కాటుక పెట్టుకుని ఎదురుగా నిలబడితే, ఆ కళ్లతో ఉల్లిగడ్డ కోస్తే కాటుక కారుతుందని, పక్కకు పోయి పుదీనా తుంచమని పని చెప్పింది. ఆ మాట నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

వినడానికి అమ్మ పెట్టిన పద్ధతి చాలా సాదాది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు మాట్లాడితే రెండోవారు వినాలి. సలహా వద్దు, ఓదార్పు వద్దు, నాకూ అలాగే అయిందనడం వద్దు. వినాలి, అంతే. జతలు కుదిరాక ఒక మనిషి మిగిలింది. కుర్చీలు వేస్తూ, నీళ్ల బాటిళ్లు పంచుతూ ఉండిపోయిన మా ఆమె. అమ్మ చుట్టూ చూసింది. వెనక తలుపులో, ఉప్పు డబ్బా ఏదని అడగడానికి వచ్చిన అక్క కనబడింది. వచ్చి కాసేపు కూర్చోండమ్మా, చెవులుంటే చాలు, అంది. అక్క పొయ్యి వైపు చూసింది. అన్నం దమ్ము మీద ఉంది. చెప్పడానికి సాకు దొరకలేదు.

నాకు జతగా వచ్చినాయన బాలాపూర్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి. పాపం ఎంతో చెప్పుకున్నాడు. నా చెవులు, కళ్లు రెండూ అవతలి కుర్చీల మీదే ఉన్నాయి. మా ఆమె మాట్లాడుతోంది, అక్క ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. నెత్తి మీద విమానం వచ్చింది. మా దిక్కున విమానమొస్తే మాట ఆపి, అది దాటాక ఆపిన చోటి నుంచే ఎత్తుకుంటాం. సిటీ నుంచి వచ్చినవాళ్లకు అది తెలియక ఇంకా గట్టిగా అరుస్తూ పోతారు. మా ఆమె ఆగింది. అక్క ఆగింది. ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ, విమానం పోయేదాకా కూర్చున్నారు. తర్వాత మా ఆమె మళ్లీ మొదలుపెట్టింది. నా గుండె నిండిపోయింది. ఇగ అంతా చక్కబడుతుందనుకున్నాను.

వాళ్లమ్మ గురించి చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ తల్లి పోయినప్పుడు పుట్టింటివాళ్లు కబురు పెట్టలేదు. సమాధి అయిపోయాక ఎవరో చెబితే తెలిసింది. అది చెబుతూ ఏడ్చింది. అక్కకూ కళ్లు నిండాయి. ఏడ్చేవాళ్లను చూస్తే అక్క ఏం చేస్తుందో అదే చేసింది. లేచి, కళ్లు మూసుకుని, మా ఆమె నెత్తి మీద అరచెయ్యి పెట్టి, “తండ్రీ” అంది.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు హాలంతా వినిపించింది. మా ఆమె లేచి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్లిపోయింది. అక్క చెయ్యి గాల్లోనే ఉంది.

నేను పోయి అక్క మీద పడ్డాను. అందరిముందే, ఎవరు పెట్టమన్నారు నిన్ను చెయ్యి అని అడిగాను. అక్క నా వైపు చూసింది. నేను చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే చూసినట్టు కాదు, తనే ఏదో పగలగొట్టిందానిలా చూసింది. “ఏడుస్తున్న మనిషి మీద చెయ్యి పెట్టకుంట ఇంకేం చెయ్యాలె, చెల్లె?” అంది. జవాబు నాకు తెలుసు. కానీ అది మా ఆమె కథ, నేను చెప్పేది కాదు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

మా ఆమె నీళ్ల ట్యాంకు దగ్గర మొహం కడుక్కుంటోంది. భుజం మీద చెయ్యి వేద్దామనుకుని ఆగిపోయాను. ఆమె కొళాయి కట్టేసి, మామూలు గొంతుతోనే చెప్పింది. “మీ అక్క పిలిచినా ఆ పెళ్లికి నేను రాను. నువ్వెళ్లు. నిజంగానే చెబుతున్నాను, నువ్వెళ్లు.” అప్పటిదాకా అక్క ఒప్పుకుంటే చాలనుకున్నాను. ఇప్పుడు ఈమె కూడా కాదంటోంది. నాకు ఏడుపొచ్చింది, ఇద్దరి మీదా కోపమొచ్చింది, ఎవరిని తిట్టాలో తెలియలేదు.

పాట కట్టే పూట అలా మొదలైంది. ఇంట్లో రోజూ మీ చెవిన పడే ఒక మాట తెచ్చి మధ్యలో వేయండి, దాన్నే పాట చేద్దాం, అంది అమ్మ. నలుగురూ ఏమనుకుంటరు, అన్నారొకరు. పెండ్లెప్పుడు, అన్నారు చాలామంది. జుట్టు కత్తిరించుకో అని ఒకరు, జుట్టు పెంచుకో అని ఒకరు. హాలు బరువెక్కిపోయింది. అప్పుడు కాటుక పిల్లాడు, మా ఇంట్ల రోజు వినేది ఒక్కటే, ఇయ్యాల కూరేంది, అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఎవరికీ ముల్లులా గుచ్చుకోని మాట అదొక్కటే. అదే పల్లవైంది. చర్చిలో డోలక్ వాయించిన చేతులు కాబట్టి తాళం నా వంతు. ఒకరొక మాట, ఇంకొకరొక మాట వేస్తూ పోతే ఇలా తయారైంది:

ఇయ్యాల కూరేంది, ఎవరెవరు తింటరు
ఒచ్చినోళ్లకందరికి ఒక్కటే గంజు
గంజు పెద్దగుంటె సాలు, గుంజులాడకుండ్రి
కూసున్నోళ్లు జర జరిగితె నేను గూడ కూసుంట

ఆఖరి పాదం ఇచ్చింది ఆ బ్యాంకు ఆయనే. నేను ఆయన మాట వినకపోయినా ఆయన పాట మాత్రం నాకు అంటుకుపోయింది. ఇప్పటికీ దుప్పట్లు మడత పెట్టేటప్పుడు అదే నోట్లో ఆడుతుంది. ఆ రోజు వచ్చినవాళ్లలో సగం మంది ఎక్కడున్నారో తెలియదు. కొందరి నంబర్లు మారిపోయాయి, ఒకరిద్దరు పెళ్లిళ్లు చేసుకుని మమ్మల్ని గుర్తుపట్టడం మానేశారు, అమ్మ వేరే ఊరికి పోయింది. వాళ్లందరి గొంతులూ కలిసి రేకుల కింద మోగడం తలచుకుంటే మనసు ఎటో పోతుంది. మళ్లీ అలా కూర్చోలేదు మేము.

అన్నాలప్పుడు అక్క తనే నిలబడి వడ్డించింది. మా ఆమె ప్లేటు పట్టుకుని వచ్చింది. అక్క అన్నం పెట్టింది, దాల్చా పోసింది, ఇంకో గంటె పోయబోయి ఆగింది. ఇద్దరూ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం నాటకం. అమ్మ నాటకంలో ముందే రాసుకున్న మాటలుండవు. వచ్చినవాళ్లలో ఒకరు తమకు జరిగిన సంగతి ఇస్తారు, మిగతావాళ్లు అప్పటికప్పుడు ఆడతారు. చూస్తున్నవాళ్లలో ఎవరికైనా ఇది ఇలా జరగకూడదనిపిస్తే ఆపవచ్చు. ఆపిన మనిషి వేదికెక్కి, ఆ సంగతిలోకి దిగి, తానైతే ఏం చేసేదో చేసి చూపాలి. ఎవరిది ఆడదామని అమ్మ అడిగింది. మా ఆమె లేచింది. నాది ఆడండి, అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్లలో నాకే ఒక్కసారి చెప్పింది, అదీ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో ఒక స్నేహితురాలితో ఆమె ప్రేమ బయటపడింది. ఇంట్లోవాళ్లు కొట్టలేదు. పిల్లకు దురాత్మ పట్టిందనుకుని ఉపవాస ప్రార్థన పెట్టించారు. ఒక గదిలో కూర్చోబెట్టి, చుట్టూ చేరి, నెత్తి మీద ఒకరి చేతి మీద ఒకరు చెయ్యి వేసి, దయ్యం పోయేదాకా ప్రార్థన. ఆ చేతుల బరువుకు మెడ వంగిపోయేదని చెప్పింది. అందులో ఒక చెయ్యి వాళ్లమ్మది. చివరికి ఆ ఇంట్లోంచి పారిపోయి ఇటు వచ్చింది.

కాలేజీలో చదివే ఒకమ్మాయి మా ఆమెగా కూర్చుంది. బ్యాంకు ఆయన పాస్టరయ్యాడు. ఇంకో ముగ్గురు నలుగురు చుట్టూ చేరి చేతులు వేశారు. మా ఆమె గోడకానుకుని చూస్తోంది. ఆడుతున్నవాళ్ల గొంతులు పెరిగాయి, ఆ అమ్మాయి మెడ కిందికి వంగిపోయింది.

“ఆగుండ్రి” అని వినబడింది. వెనక తలుపులో అక్క. గిన్నెలు కడుగుతూ వచ్చినట్టుంది, చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

ఎవరి స్థానంలో నిలబడతారమ్మా అని అమ్మ అడిగింది. అక్కకు ఆ ప్రశ్న వినబడలేదు. హాలు ఈ చివర నుంచి ఆ చివర ఉన్న మా ఆమెను నేరుగా అడిగింది. “నీకు అప్పుడు అన్నం పెట్టిన్రా?”

“లేదండీ. ఉపవాసం కదా. నీళ్లు ఇచ్చారు.”

అక్క వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇగ ఆటో ఎక్కిపోతుందని అనుకున్నాను. లేచి వెంటపడాలా వద్దా అని తేల్చుకునే లోపు మళ్లీ వచ్చింది, చేతిలో ప్లేటు నిండా బగారా అన్నం, దాల్చా. చర్చిలోకి పోయేటప్పటిలా చెప్పులు కింద వదిలి వేదికెక్కింది. ఆ అమ్మాయి నెత్తి మీది చేతుల్ని ఒక్కొక్కటే పట్టుకుని పక్కకు తీసింది. ఆమెను కింద కూర్చోబెట్టి, ప్లేటు ముందు పెట్టి, తిను బిడ్డా అంది. ఆ పిల్ల అప్పటికే రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. దిక్కుతోచక అమ్మ వైపు చూసింది. అమ్మ తినమని సైగ చేసింది. హాల్లో నవ్వు లేచింది. అక్క నవ్వలేదు, బ్యాంకు ఆయన వైపు తిరిగింది. “పాస్టరుగారు, మీరు గూడ కూసోండ్రి. పిల్ల తిన్నంక మాట్లాడుదాం.”

ఆయన కూర్చున్నాడు. చేతులు వేసినవాళ్లంతా కూర్చున్నారు. నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ముద్ద మీద ముద్ద మింగుతోంది, అక్క పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది. విమానం ఒకటి పోయింది, అది పోయాక కూడా ఎవరూ ఏమీ అనలేదు. నేను గోడ వైపు చూడలేకపోయాను. చూస్తే ఏడుస్తానని తెలుసు. చూశాను, ఏడ్చాను.

సాయంత్రం గంజులు కడిగి ఆటోలో పెట్టాం. మా ఆమె కూడా ఒక చెయ్యి వేసింది. అన్నీ సర్దాక అక్క ఆమె ముందుకు వచ్చి నిలబడింది. రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. “చెయ్యి పెట్టనా, బిడ్డా?” అంది.

అక్క ఆ మాట ఎవరినైనా అడగడం నా జన్మలో వినలేదు. మా ఆమె కూడా తొందరపడలేదు. అక్క మొహం చూసింది, కొంగు చూసింది. “వద్దండీ” అంది.

“సరే” అంది అక్క. అలిగినట్టు కాదు, మామూలుగానే. చేతులు కొంగు కిందే ఉంచుకుని ఆటో ఎక్కింది. ఎక్కి కూర్చున్నాక తల బయటపెట్టి నా వైపు తిరిగింది. “పెండ్లికి రెండ్రోజుల ముంగటనే రండ్రి. మేడ మీది గది మీకు ఉంచుత. కూలర్ లేదు, జర ఉక్క పోస్తది, సర్దుకోండ్రి.”

మా ఇళ్లలో పెళ్లికి ఆడవాళ్లంతా హాల్లో చాపల మీద పడుకుంటారు. గదులు ఆలుమగలకు ఇస్తారు. తల నెరిసేదాకా వచ్చినా ప్రతి పెళ్లిలోనూ నేను హాల్లో పిల్లల పక్కన, ఎవరిదో కాలు మీద పడుతుంటే పడుకున్నదాన్నే. ఆటో కదిలిపోయింది.

మా ఆమె రోడ్డు మీద నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది. నేను ఏమీ అడగలేదు. అడిగితే పొద్దున చెప్పిన మాటే మళ్లీ చెబుతుందేమోనని భయం. షేర్ ఆటో దొరికి, ఇద్దరం మూలకు ఒదిగి కూర్చున్నాం. శంషాబాద్ బస్టాండు దగ్గర పడుతుండగా నోరు తెరిచింది.

“మేడ మీద దోమలుంటాయా?”

ఉంటాయన్నాను.

“అయితే దోమతెర పట్టుకెళ్దాం” అంది.